యాక్సలాటల్ గుడ్లు పెడితే: మొదటి రోజు నుంచి వేలెడంత పిల్లల దాకా

శనివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతో ట్యాంకు దగ్గరికి వెళ్తే, ప్లాస్టిక్ మొక్క ఆకుల నిండా నానబెట్టిన సబ్జా గింజల్లాంటివి అతుక్కుని ఉన్నాయి. జిగురు ముద్ద, మధ్యలో నల్లచుక్క. మాకు యాక్సలాటల్స్ (బల్లి ఆకారంలో ఉండి, బతికినన్నాళ్లూ నీళ్లలోనే ఉండే ఉభయచరాలు) అమ్మిన షాపతను "రెండూ ఆడవే" అని గట్టిగా చెప్పాడు. ఒకటి మగదని ఆ రోజు తెలిసింది.

మేముండేది టెక్సాస్‌లో. 2021లో మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి ఈ జంతువు వచ్చినప్పటి నుంచి మా అమ్మాయి అడిగి అడిగి రెండింటిని తెప్పించుకుంది. గుడ్లు చూడగానే అందరం మురిసిపోయి అన్నీ ఉంచేశాం. నాలుగు వందల దాకా ఉంటాయి. మూడు వారాల తర్వాత ఇంట్లో పిల్లలు వందల్లో ఉన్నాయి, వాటికి పెట్టడానికి తిండి మాత్రం లేదు. ఆ విడతలో బతికినవి పదకొండు. రెండోసారి ఇరవై ఐదు గుడ్లే ఉంచి, తిండి ముందు సిద్ధం చేసుకున్నాను. ఇరవై ఒకటి పెరిగాయి. కింద రాసిందంతా ఆ రెండో విడత లెక్క.

ముందుగా చట్టం

అమెరికాలో కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మెయిన్ రాష్ట్రాల్లో యాక్సలాటల్‌ను పెంచుకోవడానికి వీల్లేదు. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉన్న మన వాళ్లకు పిల్లల్ని పంపిస్తానని మాట ఇచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి. ఇండియాలో అయితే, ఇది వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జంతువు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువులు మీ దగ్గరుంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. వాటికి పుట్టిన పిల్లల వివరాలు కూడా ఇవ్వాలి. హైదరాబాద్‌లో పెంచేవాళ్లు గుడ్లు చేతికొచ్చాక కాకుండా ముందే ఆ పని చూసుకోవడం మంచిది.

జంటను కలపాలా, వద్దా

ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఇవి ఈడుకొస్తాయి. కానీ ఆడదానికి ఏడాదిన్నర నిండేదాకా మగదానితో కలపకపోవడమే మేలు. గుడ్లు పెట్టడం ఒంట్లోని సత్తువంతా లాగేసే పని. ఒకసారి పెట్టాక కనీసం ఆరు నెలలు విశ్రాంతి కావాలి. మగది మాత్రం ఆ లెక్కలేవీ చూసుకోదు, కాబట్టి వేరు చేయాల్సింది మనమే.

ఆడా మగా తేడా తోక మొదలులో తెలుస్తుంది. వెనక కాళ్ల వెనకాల, కింది వైపు, మగదానికి ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. ఆడదానికి ఆ ఉబ్బు ఉండదు, పొట్ట గుండ్రంగా ఉంటుంది. చిన్న వయసులో ఈ తేడా తెలియదు. షాపులో చెప్పే మాట నమ్మకూడదని నేను అనేది అందుకే.

ఒకే తల్లి పిల్లలైన అన్నాచెల్లెళ్లను, లేదా ఏ వంశమో తెలియని రెండింటిని జత కట్టించకండి. దీనికి చరిత్రలోనే కారణం ఉంది. ఈ జంతువు సొంత ఊరు మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలవలు. 1864లో అక్కడి నుంచి 34 యాక్సలాటల్స్‌ను పారిస్‌కు తీసుకెళ్లారు. ప్రయోగశాలల్లో పెరిగిన వంశాల్లో చాలావాటి మూలం ఆ కొద్దిపాటి జంతువులే. అసలే దగ్గరి రక్తం, దాన్ని ఇంకా దగ్గర చేస్తే గుడ్లలోనే అవకరాలు బయటపడతాయి. సోచిమిల్కోలో ఇప్పుడు ఇవి అంతరించిపోయే స్థితిలో ఉన్నాయి. అలాగని మన ఇళ్లలో పుట్టిన పిల్లల్ని తీసుకెళ్లి అక్కడ వదలడానికీ లేదు. ఇక్కడి చెరువుల్లో అసలే వదలకూడదు.

గుడ్లు రాబోతున్నాయనడానికి ఒక గుర్తు ఉంది. ట్యాంకు అడుగున చిన్న గోపురాల్లాంటి తెల్లటి జిగురు ముద్దలు కనిపిస్తాయి. అవి మగది వదిలిన వీర్యపు ముద్దలు. ఆడది వాటి మీదుగా వెళ్లి లోపలికి తీసుకుంటుంది. ఆ తర్వాత కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపు గుడ్లు పెట్టడం మొదలవుతుంది. ముద్దలు కనపడగానే రెండు మూడు ప్లాస్టిక్ మొక్కలు ట్యాంకులో వేయండి. గుడ్లు వాటికి అంటుకుంటే మొక్కతో సహా బయటికి తీయొచ్చు. గాజుకు అంటుకున్నవాటిని పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా గీకితే ఊడొస్తాయి. జిగురు పొర గట్టిదే, భయపడనక్కర్లేదు.

గుడ్లు పెట్టిన రోజు: లెక్క

ఒక్క విడతలో వంద నుంచి వెయ్యి దాకా పెట్టొచ్చు. అందులో ఎన్ని ఉంచుకోవాలన్నది ఆ రోజే తేల్చాలి. ఒక్కో పిల్లకు రోజుకు రెండుసార్లు బతికున్న తిండి, రోజూ కొత్త నీళ్లు, ఇంకొన్ని వారాలకు విడిగా ఒక డబ్బా కావాలి. ఇదంతా రెండు మూడు నెలలు సాగే పని. ఉద్యోగం చేసుకునే ఇంట్లో ఇరవై, మహా అయితే ముప్పై. మొదటిసారి అయితే పదిహేను చాలు.

మిగిలినవాటిని ఏం చేయాలి? ఫ్రీజర్‌లో పెట్టేయాలి. వినడానికి కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, మా ఇంట్లో ఆ మాట మీద ఒక పూట మాటలు ఆగిపోయాయి. కానీ మొదటి రెండు రోజుల్లో గుడ్డులో ఉండేది విడిపోతున్న కణాల ముద్దే, నరాలు ఇంకా ఏర్పడవు. పుట్టాక ఆకలితో వందల పిల్లలు చచ్చిపోవడం చూశాక ఇదే నయమనిపించింది. గుడ్లను నీళ్లతో ఒక డబ్బాలో పోసి రెండు రోజులు గడ్డకట్టించి, తర్వాత చెత్తలో వేయండి. కాలవలో గానీ కమోడ్‌లో గానీ పోయకండి.

ఉంచుకునేవాటిని వెంటనే వేరే టబ్బులోకి మార్చాలి. లేకపోతే తల్లీతండ్రే తినేస్తాయి.

గుడ్ల టబ్బు

ఇదంతా చెప్పుకోవాల్సినంత కష్టమేం కాదు. ఐదారు లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, క్లోరిన్ తీసేసిన నీళ్లు, ఎండ పడని మూల. నీటి వేడి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలో రెండు మూడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. చల్లగా ఉంటే ఆలస్యం, వెచ్చగా ఉంటే తొందర. తొందరగా రావాలని వేడి పెంచకండి. తిండి సిద్ధం చేసుకోవడానికి ఆ రోజులే మనకు దొరికే గడువు.

నీళ్ల గురించి ఒక మాట. అమెరికాలో చాలా ఊళ్లలో మునిసిపల్ నీళ్లలో ఇప్పుడు క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతున్నారు. బకెట్లో రాత్రంతా ఉంచినా అది పోదు. డీక్లోరినేటర్ చుక్కలు వేయాల్సిందే. కొనేటప్పుడు సీసా మీద కలబంద కలిసినట్టు రాసి ఉంటే అది వద్దు. చేపలకు పనికొచ్చినా వీటి పలుచటి చర్మానికి అది మంచిది కాదని పెంచేవాళ్లంతా పక్కన పెడతారు.

రోజూ ఒకసారి టార్చి వేసి చూడండి. బతికున్న గుడ్డు మొదట గుండ్రంగా ఉంటుంది, నాలుగైదు రోజులకు చిక్కుడు గింజలా సాగుతుంది, తర్వాత తల, తోక విడిగా తెలుస్తాయి. రెండో వారంలో లోపల గిలగిలా కొట్టుకోవడం కనిపిస్తుంది. మా అమ్మాయి స్కూలుకు వెళ్లేముందు ఇది చూడకుండా కదిలేది కాదు. చచ్చిన గుడ్డు తెల్లగా మసకబారి దూదిలా బూజు పడుతుంది. దాన్ని వెంటనే తీసేయాలి, లేదంటే పక్కవాటికి పాకుతుంది. బూజు రాకుండా మిథిలీన్ బ్లూ అనే నీలం మందు వేయమని కొందరు చెప్తారు. రోజూ చూసి తీసేసేవాళ్లకు దాని అవసరం పెద్దగా ఉండదు.

తల్లి ఆల్బినో (ఒంట్లో నల్ల రంగు పుట్టనిది) అయితే గుడ్లన్నీ మొదటి నుంచీ తెల్లగానే ఉంటాయి. అవి పాడయ్యాయనుకుని పారేయకండి, ఆకారం మారుతుందో లేదో నాలుగు రోజులు చూడండి. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఆ ఆల్బినో లక్షణం యాక్సలాటల్‌ది కాదు. 1962లో ప్రయోగశాలలో టైగర్ సాలమాండర్ అనే దగ్గరి జాతితో సంకరం చేసినప్పుడు అటువైపు నుంచి వచ్చింది.

అసలు పని: ఆర్టీమియా

యాక్సలాటల్ పిల్ల కళ్ల ముందు కదిలేదాన్నే నోట్లో వేసుకుంటుంది. కదలకపోతే అది దానికి తిండి కాదు. మన వైపు చేప పిల్లలకు ఉడికించిన గుడ్డు పచ్చసొన నలిపి వేయడం అలవాటు. మొదటి విడతలో నేను చేసిన ఘనకార్యం అదే. ఒక్క పిల్లా ముట్టలేదు, సాయంత్రానికి నీళ్లు కంపు కొట్టాయి, మర్నాడు పొద్దునకు సగం టబ్బు ఖాళీ.

వీటికి సరిపోయేది ఆర్టీమియా పిల్లలు, అంటే బేబీ బ్రైన్ ష్రింప్. ఉప్పునీటిలో బతికే, రొయ్యలాంటి చిన్న జీవులివి. నెల్లూరు, బాపట్ల, కాకినాడ తీరంలో రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు, రొయ్య పిల్లలకు పెట్టేది కూడా ఇదే. ఎండిన గుడ్లు డబ్బాల్లో అమ్ముతారు, చూడ్డానికి ముక్కుపొడిలా గోధుమరంగులో ఉంటాయి. వీటికి పేరున్న చోటు అమెరికాలోని యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్. మంచి గుడ్లయితే ఒక్క గ్రాము నుంచి లక్షకు మించి పిల్లలొస్తాయి. తెరిచిన డబ్బాను గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. తేమ తగిలితే గుడ్లు పొదగవు.

ఎలా చేయాలంటే:

1. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి, మూత బిగించి, తలకిందులుగా నిలబెట్టండి.

2. అందులో లీటరు నీళ్లు పోసి, అయోడిన్ కలపని ఉప్పు 25 గ్రాములు కలపండి. ఇంట్లో కల్లుప్పు ఉంటే అదే వాడొచ్చు. చెంచాతో కాకుండా కిచెన్ స్కేలుతో తూచండి.

3. అర గ్రాము ఆర్టీమియా గుడ్లు వేయండి. ఇరవై ఐదు పిల్లలకు ఇది ఎక్కువే.

4. ఎయిర్ పంపు గొట్టం అడుగుదాకా దించి, గుడ్లు ఎక్కడా కూర్చోకుండా నీళ్లు బాగా తిరిగేలా గాలి పెట్టండి. పక్కన ఒక దీపం ఉండాలి. ఈ సీసాకు 26 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. యాక్సలాటల్స్‌కు చలవ కావాలి, వాటి తిండికి వెచ్చదనం కావాలి. అందుకే సీసా వంటింట్లో, టబ్బులు కింది గదిలో పెట్టాను.

5. దాదాపు 24 గంటలకు నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి. పొదగని గుడ్లు అడుగుకు చేరతాయి. సీసా కింది భాగంలో ఒక పక్కన టార్చి వెలుతురు పెడితే పిల్లలన్నీ అటు గుమిగూడతాయి. సన్న గొట్టంతో వాటిని మాత్రం లాగండి.

6. పలుచటి బట్టలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టండి. టీ జాలి పనికిరాదు, అందులోంచి అన్నీ జారిపోతాయి. మా నాన్నగారు వదిలి వెళ్లిన పాత పంచె ముక్క ఒకటి దీనికే అంకితమైపోయింది.

పెంకులు ఎంత తక్కువ పడితే అంత మంచిది. యాక్సలాటల్ పిల్లలు వాటిని మింగితే అరగవు, పొట్టలో అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఆర్టీమియాలో బలం పుట్టిన కొన్ని గంటలే ఉంటుంది. తర్వాత అవి తమ పచ్చసొనను తామే తినేసుకుని డొల్లవుతాయి. అందుకే రెండు సీసాలు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి రోజు తేడాతో మొదలుపెట్టాలి. ఒకటి వాడుతుంటే రెండోది సిద్ధమవుతూ ఉంటుంది. మొదటి సీసా యాక్సలాటల్ గుడ్లలో కదలిక కనపడ్డ రోజే పెట్టి చూడండి. ఉప్పు ఎక్కువైందా, డబ్బా పాతదా, గాలి చాలలేదా అన్నది పిల్లలు పుట్టకముందే తెలిసిపోతుంది. నాకు మొదటి రెండు సీసాలూ పొదగలేదు. ఆ టెన్షన్ పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు పడి ఉంటే ఇంకో కథ అయ్యేది.

అదనపు జాగ్రత్తకు డాఫ్నియా, అంటే నీటి ఈగల తొట్టి ఒకటి ఉంటే మంచిది. అవి మంచినీటిలోనే బతుకుతాయి కాబట్టి తినకుండా మిగిలినా చచ్చి నీళ్లను పాడు చేయవు. మైక్రోవార్మ్స్ (కనిపించీ కనిపించనంత సన్నటి పురుగులు) పెంచడం సులువు గానీ వాటిలో పోషకాలు తక్కువ. ఒక పూట గడపడానికి సరే, నెలంతా అదే పెడితే పిల్ల ఎదగదు.

మొదటి మూడు వారాలు

గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల ఒక సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. కాళ్లుండవు. రెండు కళ్లు, ఈకల్లాంటి మొప్పలు, పారదర్శకమైన తోక. రెండు మూడు రోజులు పొట్టలోని పచ్చసొనతోనే బతుకుతుంది. అన్నీ ఒకే రోజు రావు, రెండు మూడు రోజులు అటూ ఇటూ పడుతుంది. ఆలస్యమైన గుడ్డును చేత్తో చీల్చి పిల్లను బయటికి తీయాలని ఆరాటపడకండి.

తర్వాత రోజుకు రెండు పూటలా ఆర్టీమియా. పిల్ల వెంటపడి వేటాడదు, మూతి ముందుకు వచ్చినదాన్ని చటుక్కున పట్టేస్తుంది. అందుకే నీళ్లలో ఆర్టీమియా పలుచగా కాకుండా మబ్బులా కనపడేంత ఉండాలి. పావుగంట తర్వాత చూస్తే తిన్నదాని పొట్ట నారింజ రంగులో మెరుస్తుంది. నాకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష తెలియదు. పొట్ట తెల్లగా ఉన్న పిల్లను చిన్న గిన్నెలోకి తీసి విడిగా పెట్టండి.

మంచినీటిలో ఆర్టీమియా కొన్ని గంటలకు మించి బతకదు. చచ్చినవి అడుగున పేరుకుని అమ్మోనియా పుట్టిస్తాయి. ఈ వయసు పిల్లలకు ఫిల్టర్ పెట్టలేం, లోపలికి లాగేస్తుంది. కాబట్టి రోజూ మొత్తం నీళ్లు మార్చడం తప్పదు. దానికి నేను పట్టిన పద్ధతి ఇది: ఒకేలాంటి టబ్బులు రెండు. రాత్రే రెండో టబ్బులో క్లోరిన్ తీసిన నీళ్లు పోసి మొదటిదాని పక్కనే ఉంచితే తెల్లారేసరికి రెండింటి వేడీ ఒకటవుతుంది. ప్లాస్టిక్ గరిటెతో నీటితో సహా పిల్లల్ని అందులోకి మార్చి, పాత టబ్బును సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఇరవై పిల్లలకు పదిహేను నిమిషాల పని. వల వాడకండి, మొప్పలు చిక్కుకుంటాయి. గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్ కూడా వద్దు, బుడగలు మింగి పైకి తేలిపోతాయి.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. 24 డిగ్రీలు దాటితే పెద్దవే తట్టుకోలేవు. ఏసీ ఉన్నా గది 24, 25 మధ్యే ఉంటుంది. టబ్బు మీదుగా చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. కుండలో నీళ్లు చల్లబడేది ఈ లెక్కనే. పొడి గాలి ఉన్న చోట ఇది బాగా పనిచేస్తుంది, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో అంతగా పనిచేయదు. అక్కడ నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనక తప్పదు, అది ఖరీదైన వ్యవహారం. ఐసు ముక్కలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా వేడి పడిపోతే అదో దెబ్బ.

ముందు కాళ్లు వచ్చాక

రెండు సెంటీమీటర్ల దగ్గర ముందు కాళ్లు మొలుస్తాయి. ముద్దుగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఒకదాన్నొకటి కొరకడం మొదలుపెడతాయి. పగ కాదు, ద్వేషం కాదు. పక్కన ఏదో కదిలింది, నోరు తెరిచింది, అంతే. పొద్దున లేచి చూస్తే ఒకదానికి కాలు ఉండదు, ఇంకోదానికి తోక చివర ఉండదు.

పోయిన కాలు మళ్లీ వస్తుంది, ఈ వయసులో కొన్ని వారాలు చాలు. ఈ జంతువును శాస్త్రవేత్తలు అంతగా పట్టించుకునేది ఈ గుణం వల్లే. అయితే నీళ్లు శుభ్రంగా లేకపోతే తెగిన చోట బూజు పడుతుంది, అప్పుడు పిల్ల మిగలదు.

చేయాల్సినవి మూడు. తిండి మూడో పూట కూడా వేయాలి. ప్రతి వారం కొలత చూసి పెద్దవాటిని ఒక టబ్బులో, చిన్నవాటిని ఇంకో టబ్బులో వేయాలి. పెద్దది చిన్నదాన్ని మొత్తంగా మింగేసిన రోజులూ ఉన్నాయి. ఇంకా కుదిరితే ఒక్కోదాన్ని ఒక్కో అరలీటరు డబ్బాలో విడిగా పెట్టాలి. రెస్టారెంట్ నుంచి సాంబారు, పప్పు వచ్చే మూత డబ్బాలు నేను దాచిపెట్టేవాణ్ని. మా ఆవిడ అప్పటిదాకా వాటిని చూసి విసుక్కునేది, ఆ నెల మాత్రం ఏమీ అనలేదు. నూనె, మసాలా వాసన పోయిన డబ్బాలే వాడాలి. ఇరవై డబ్బాలకు రోజూ నీళ్లు మార్చడం విసుగు పుట్టించే పని, దాచడం దేనికి. ఆరేడు సెంటీమీటర్లు వచ్చేసరికి ఈ కొరుకుడు చాలా తగ్గిపోతుంది.

తిండి మార్పు

వెనక కాళ్లు కూడా వచ్చి మూడు నాలుగు సెంటీమీటర్లు అయ్యాక కదలని తిండిని కూడా వాసన పట్టి తినడం నేర్చుకుంటాయి. నేర్పాల్సింది మనమే. గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి సన్న పురుగులు) కరిగించి, ఒకటి పట్టకారుతో పట్టుకుని మూతి ముందు మెల్లగా ఆడించండి. మొదటి రెండు రోజులు ఉమ్మేస్తాయి. ఈ మధ్యలో ఆర్టీమియా ఒక్కసారిగా ఆపకండి, రెండూ కలిపి నడపాలి.

ఐదు సెంటీమీటర్లకు సన్నగా తరిగిన వానపాము ముక్కలు, మెత్తగా నానే చిన్న పెల్లెట్లు. పెరిగిన యాక్సలాటల్‌కు వానపామును మించిన తిండి లేదు. మందులు కొట్టిన పెరటి మట్టిలోంచి తవ్వినవి వద్దు, పెంచినవి కొనండి. కంపోస్టులో వాడే ఎర్రటి సన్న వానపాములు చేదుగా ఉంటాయి కాబోలు, చాలా పిల్లలు నోట్లో పెట్టుకుని ఊసేస్తాయి.

ట్యాంకులోకి

ఏడెనిమిది సెంటీమీటర్లు, అంటే మన వేలెడంత అయ్యాక ఫిల్టర్ ఉన్న ట్యాంకులోకి మార్చొచ్చు. ఆ ట్యాంకును ముందే సైకిల్ చేసి ఉంచాలి, అంటే వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరిగేదాకా నడపాలి. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి. ఇది ఒక్క రోజులో అయ్యేది కాదు, నెలా నెలన్నర పడుతుంది. కాబట్టి గుడ్లు చూసిన వారమే ట్యాంకు నింపి మొదలుపెట్టండి. ఫిల్టర్ ధార నెమ్మదిగా ఉండాలి. అడుగున గులకరాళ్లు వద్దు, తిండితో పాటు మింగేస్తాయి. ఖాళీ గాజు అడుగే మంచిది.

మొప్పల చివరలు ముందుకు ముడుచుకుంటే ఏదో ఇబ్బంది ఉన్నట్టు. ముందు నీళ్లు పరీక్షించండి, వేడి చూడండి. తొంభై శాతం జవాబు ఆ రెండింట్లోనే దొరుకుతుంది. పెద్దవాటికి చెప్పే ఉప్పునీటి స్నానాలు, ఫ్రిజ్‌లో పెట్టడాలు వేలెడంత పిల్లల మీద ప్రయోగించకండి.

ఎవరికైనా ఇచ్చేది ఈ సైజు వచ్చాకే, పెల్లెటో వానపామో తినడం అలవాటయ్యాకే. ఇచ్చేముందు నేను రెండు ప్రశ్నలు అడిగాను: ట్యాంకు ఎన్నాళ్లుగా నడుస్తోంది, ఎండాకాలంలో నీటి వేడి ఎంత ఉంటుంది? రెండోదానికి జవాబు చెప్పలేని ముగ్గురికి ఇవ్వలేదు. ఇది పాతిక సెంటీమీటర్ల దాకా పెరిగి పదేళ్లకు పైగా బతికే జంతువు, ఒక్కదానికే వంద లీటర్లకు తగ్గని ట్యాంకు కావాలి. ఆ సంగతి పిల్లల ముందు కాదు, పెద్దవాళ్లతో మాట్లాడుకోవాలి.

మేం రెండింటిని ఉంచుకున్నాం. ఒకే విడత పిల్లలు కాబట్టి ఆరో నెల నుంచి ట్యాంకు మధ్యలో జాలీ అడ్డం పెట్టి, వారానికోసారి తోక మొదలు ఫొటో తీస్తున్నాను. పదో నెలలో ఒకదానికి ఉబ్బు కనిపించింది. రెండోదానికి ఇంకా లేదు, అడ్డం తీయలేదు.